బల్లగుడ్డ మీది మరక

పోయిన ఆదివారం చర్చిలో రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న నా మనవరాలు చెయ్యి చాపింది. ఏడేళ్ళ పిల్ల. పళ్ళెం పట్టుకున్న పెద్దమనిషి చిన్నగా నవ్వి, దాని తల మీదుగా నాకు అందించాడు. దాని మొహం చిన్నబోయింది. "నాకెందుకు పెట్టరు అమ్మమ్మా? నేనేం తప్పు చేశాను?" అని నా చెవిలో అడిగింది.

"తప్పు చేసినందుకు కాదమ్మా. పెద్దయ్యాక, బాప్తిస్మం తీసుకున్నాక పెడతారు" అని సర్దిచెప్పాను. అది ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోయాను. రొట్టె ముక్క చేతిలో పట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాను. దానికంటే మూడు నాలుగేళ్ళు పెద్దదాన్నయి ఉన్నప్పుడు నేను చేసిన పని ఒకటి ఉంది. అది నా బిడ్డలకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

మా ఊరు నెల్లూరు వైపు, కోట అనే ఊరికీ సముద్రానికీ మధ్య ఉండేది. ఉండేది అనే అనాలి. ఊరి పేరు బస్సు బోర్డు మీద ఇంకా ఉందిగానీ, మా పల్లె ఉన్న చోట ఇప్పుడన్నీ రొయ్యల గుంటలు. నా చిన్నప్పుడు మా గడపలో నిలబడితే తూర్పున వరి మడి, మడి దాటితే ఇసకదిబ్బ, దిబ్బ మీద సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. సముద్రం కనబడేది కాదు. పొద్దు వాలాక గాలి తిరిగి, ఉప్పు వాసనా ఎండుచేపల వాసనా కలిసి వచ్చేవి. అన్నంలో మజ్జిగ పోసుకున్నా ఆ వాసనే.

పల్లెలో ముప్పై నలభై ఇళ్ళు. అందరం రైతుల పొలాల్లో కూలికి పోయేవాళ్ళం. అందరం క్రైస్తవులం. పల్లె చివర సున్నం కొట్టిన మట్టిగోడల గుడి. చర్చి అని ఎవరూ అనేవారు కాదు, గుడి అనే. లోపల ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, ఈతాకు చాపల మీద కూర్చునేవారు. చెప్పులు బయట. ముందర ఒక చెక్కబల్ల. నెలకొకసారి, మొదటి ఆదివారం, ఆ బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టేవారు. దాన్ని ప్రభువు బల్ల అంటాం. యేసుప్రభువు చనిపోయే ముందు శిష్యులతో కూర్చొని చేసిన భోజనాన్ని తలుచుకుంటూ, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళందరూ ఒకే రొట్టె తుంచుకొని తింటారు, ఒకే రసం తాగుతారు.

ఆ బల్ల సిద్ధం చేసేది మా అవ్వ, మా నాయనను కన్నతల్లి. పొడుగ్గా, ఎండిన చింతబెరడులాగా ఉండేది. ఆమె వీధిలో నడిచి వస్తుంటే మగవాళ్ళు కూడా బీడీలు దాచేసేవాళ్ళు. మొదటి ఆదివారానికి ముందు శనివారం వచ్చిందంటే మా ఇల్లు మాది కాదు. పొద్దున్నే అందరికీ కుంకుడుకాయతో తలంట్లు. పొయ్యి అలికి ముగ్గు వెయ్యాల్సిందే. ఆ రోజు, మర్నాడు గుడి నుంచి వచ్చేదాకా, ఇంట్లో నీసు వండకూడదు. రొట్టెలు కాల్చే పెనం వేరే, దాన్ని మేం ముట్టుకోకూడదు. సాయంత్రం ఎండుద్రాక్ష నీళ్ళల్లో వేసి ఉడికించి, పల్చటి గుడ్డలో వడగట్టేది. ఇల్లంతా తియ్యటి వాసన. నేనూ చెల్లెలూ గుమ్మం అవతల గొంతుక్కూర్చొని ముక్కులు ఎగబీల్చేవాళ్ళం. వడగట్టాక మిగిలిన పిప్పి కూడా పెట్టేది కాదు. గోతిలో పూడ్చేసేది.

"దేవుడంటే ఏమనుకుంటుండారే? నిప్పు" అనేది అవ్వ, రొట్టె తిప్పుతా. "బైబిల్లో ఉండాది, ఆ కాలంలో దేవుని ఆజ్ఞలుండే పెట్టెను బండి మీద తీసకపోతుంటే ఎడ్లు తడబడినాయంట. పెట్టె యాడ పడిపోతుందో అని ఒకడు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆడికాడే పడి చచ్చినాడు. మంచికి చెయ్యి పెట్టినోడికే అట్టయితే, ఆటలకి పెట్టేవాళ్ళకి ఎట్టుంటాదో చూసుకోండి."

మేం చేతులు చంకల్లో దాచుకునేవాళ్ళం.

అవ్వకి ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలీదు. ఒకసారి మాత్రం, కలుపు తీసి వచ్చి కాళ్ళు చాపుకొని, తన చిన్నతనం చెప్పింది. రైతు ఇంట్లో పేడకళ్ళు ఎత్తే పనికి పోయేదట. దాహమేస్తే కొట్టం బయట నిలబడి దోసిలి పట్టాలి. ఆ ఇంటావిడ అంత ఎత్తున చెంబు పట్టుకొని పోసేది, నీళ్ళ తుంపర చెంబుకి ఎగిరితే మైలని. "దప్పిక తీరకముందే ఆపేసేది. ఇంకా పొయ్యమ్మా అని అడిగే నోరు మాకు యాడుండాది?" అని నవ్వింది అవ్వ. ఆమె నవ్వింది కాబట్టి మేమూ నవ్వాం.

ఇక కుప్పం అత్త సంగతి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ గుడిసెల్ని మా వైపు కుప్పం అంటారు. ఆమె అక్కడి మనిషి. మొగుడు పడవ మీద పోయి తిరిగి రాలేదు. ఆ దుఃఖంలో మా గుడి బయట నిలబడి పాటలు వినేది. తర్వాత లోపలికొచ్చి కూర్చుంది. తర్వాత బాప్తిస్మం తీసుకుంది. అత్తగారివాళ్ళు గంప ఒకటి చేతికిచ్చి పంపించేస్తే, మా పల్లె చివర గుడిసె వేసుకొని, ఊరూరా ఎండుచేపలు అమ్ముకునేది. పిలకాయలందరికీ ఆమె అత్తే. మా అవ్వను మాత్రం "అమ్మా" అని పిలిచేది, చాప మీద కూడా ఆమెకు రెండు మూరల దూరంలో కూర్చునేది.

ఆమె పోయి అయ్యగారిని అడిగిందట. అయ్యగారంటే మా పాస్టరు. సైకిలు మీద నాలుగూళ్ళు తిరిగే బక్కమనిషి. "నాకు చదువు రాదు, పాట రాదు. దేవునికి ఏదన్నా పని చేసుకోనియ్యండి అయ్యగారూ" అని. ఆయన ఆలోచించి, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికే పని ఇచ్చాడు. ఆ గుడ్డ అంతకుముందు అవ్వ తప్ప ఎవరూ ముట్టుకోలేదు. నాలుగు వైపులా లేసు అల్లిన సన్నటి గుడ్డ, మా మంచం కింద రేకుపెట్టెలో ఉండేది. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు.

శుక్రవారం సాయంత్రం అత్త గుడ్డ తెచ్చి ఇచ్చింది. తలంటుకొని, ఉతికిన చీర కట్టుకొని, రెండు అరచేతుల మీద పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చింది. గుడ్డ పైన శుభ్రమైన తువ్వాలు చుట్టి ఉంది.

"విప్పి చూసుకోమ్మా" అంది.

"ఏం చూసేది? అయ్యగారు చెప్పినాడు, నువ్వు చేసినావు" అంది అవ్వ. మడత విప్పకుండానే పెట్టెలో పడేసింది.

మర్నాడు శనివారం. అమ్మా నాయనా నాట్లకు పోయారు. అవ్వ పేడ కలుపుకొని గుడి అలకడానికి పోయింది. నేనూ చెల్లెలూ ఇంట్లో. మిట్టమధ్యాన్నం కుప్పం అత్త గంప నెత్తిన పెట్టుకొని మా వాకిట్లో ఆగింది. ఒంగి, గంపలోనుంచి రెండు ఎండు వంజరం ముక్కలు తీసి మా చేతుల్లో పెట్టింది.

"కాల్చుకొని తినండే. మీ అవ్వకి చెప్పబాకండి, ఈ పొద్దు శనివారం" అని నవ్వి పోయింది.

అవ్వ పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి. ముక్కలు వాటి మీద పడేశాం. నూనె చిటపటమంది. అప్పుడు నాకు ఆ బుద్ధి పుట్టింది.

"ఉత్తగా తినొద్దే, బల్ల ఆట ఆడుకుందాం" అన్నాను చెల్లెలితో.

ఇంట్లో ఉన్న గంప ఒకటి బోర్లించాం. మంచం కింద పెట్టె లాగి, గుడ్డ తీసి గంప మీద పరిచాను. నేను అయ్యగారిని, చెల్లెలు సంఘం. చేప ముక్కలు గుడ్డ నడిమధ్యలో పెట్టాను. గ్లాసులో బెల్లం నీళ్ళు. చేతులు పైకెత్తి, అయ్యగారి గొంతుతో ప్రార్థన చేశాను. ఎగతాళి అనుకునేరు. ఎగతాళి కాదు. ప్రతి నెలా పెద్దవాళ్ళు ఆ రొట్టె నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకుంటే వాళ్ళ మొహాలు ఎలా మారిపోతాయో చూసి చూసి, అక్కడ ఏముందో అని నాకు ప్రాణం పీకేది. చెల్లెలు మోకాళ్ళ మీద నిలబడి, కళ్ళు మూసుకొని, నోరు తెరిచింది. చేప ముక్క తుంచి దాని నాలుక మీద పెట్టాను. దాని మొహం కూడా అలాగే మారింది. నాకు ఒళ్ళు జలదరించింది.

తల దించి చూస్తే గుడ్డ నడుమ అరచెయ్యంత నూనె మరక. చుట్టూ మసి వేళ్ళ గుర్తులు, అవి నావే.

చెంబుతో నీళ్ళు తెచ్చి రుద్దాను. మరక పెద్దదయింది. ఇంకా రుద్దాను. అంతలో వీధి మొదట్లో అవ్వ దగ్గు వినబడింది. తడిగుడ్డనే మడిచి, తువ్వాల్లో చుట్టి, పెట్టెలో తోసి, పెట్టె మంచం కిందికి తన్నాను. చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ సాయంత్రం ద్రాక్ష ఉడికే వాసనలో చేప వాసన ఎవరికీ పట్టలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. అయ్యగారు పాట మొదలుపెట్టాడు. అవ్వ తువ్వాలు విప్పి, గుడ్డ రెండు కొసలు పట్టుకొని, బల్ల మీద పరచడానికి గాల్లోకి విసిరింది. రాత్రంతా పెట్టెలో మగ్గిన తడి చేపవాసన గుప్పున కొట్టింది. ముందు వరసలో పాట ఆగింది. వెనక వరసలో ఆగింది. గుడ్డ బల్ల మీద వాలింది. నడుమ మరక.

అవ్వ వెనక్కి తిరిగింది.

"నేను ముందే చెప్పినా అయ్యగారూ. ఎంత కడిగినా ఆ చేతుల కంపు పోదు, ఆ చేతుల్ని దేవుని గుడ్డ మీద పెట్టనియ్యబాకండి అని చెప్పినా. ఇప్పుడు చూడండి." ఆమె చూపు ఆడవాళ్ళ మధ్య కుప్పం అత్తను వెతికి పట్టుకుంది. "నీకు భయం లేదా? దేవుడంటే నీ చేపల గంప అనుకున్నావా?"

"అవ్వా, నిదానం" అన్నాడు అయ్యగారు. ఆలస్యమైపోయింది. తలలన్నీ అటు తిరిగాయి.

అత్త నోరు తెరిచింది. ఒక్క రెప్పపాటు నా వైపు చూసింది. ఇక చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె తన చేతులు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసుకుంది.

"తప్పయిపోయిందమ్మా" అంది. లేచి, ఎవరికీ చీర తగలకుండా చుట్టుకొని, బయటికి పోయింది.

గుడ్డ తిరగేసి పరిచారు. రొట్టె పంచారు. నేను ఒక్కొక్కరి నోరూ చూస్తూ కూర్చున్నాను, ఎవరు పడిపోతారో అని. అయ్యగారు తిన్నాడు. అమ్మ తింది. నాయన తిన్నాడు. ఎవరూ పడిపోలేదు. అయినా నాకు నమ్మకం కుదర్లేదు. దేవుడు ఆలోచిస్తున్నాడు, అంతే, అనుకున్నాను.

ఆ నెల రోజులూ నేను ఎలా బతికానో నాకే తెలియాలి. గుడి ముందు నుంచి పోవాల్సి వస్తే మడి గట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేదాన్ని. అయ్యగారు రెండుసార్లు అత్త గుడిసెకు పోయి పిలిచాడని అమ్మ చెప్పింది. "కడుపులో బాగలేదు అయ్యగారూ, తర్వాత వస్తా" అందట. పల్లెలో ఆడవాళ్ళు ఆమె దగ్గర చేపలు కొంటూనే ఉన్నారు. ఇంతకుముందు గంపలో చెయ్యి పెట్టి ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు దూరంగా చాట పట్టుకొని, "ఇందులో వెయ్యి" అనేవాళ్ళు.

రెండో వారంలో చెల్లెలికి జ్వరమొచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. అవ్వ తలాపున కూర్చొని ప్రార్థన. అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన. నేను తలుపు వెనక నక్కి నిలబడ్డాను. దాని నాలుక మీద ఆ ముక్క పెట్టింది నేను. నిప్పు ముందు దాన్ని అంటుకుంది, తర్వాత నన్ను. "దేవా, దీన్ని బాగు చెయ్యి, నేను అందరికీ చెప్పేస్తాను" అని మొక్కుకున్నాను. నాలుగో రోజు చెల్లెలు లేచి కూర్చొని గంజి అడిగింది.

నేను చెప్పలేదు. అవ్వ మొహం చూస్తే నోరు రాలేదు. ఇప్పుడు నా నెత్తిన రెండు తప్పులయ్యాయి.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే కాలవ కట్ట మీద ఎదురుగా కుప్పం అత్త. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క బురద మడి. తప్పుకునే దారి లేదు. ఆమె గంప దించింది. నేను పుస్తకాల సంచి గుండెలకు అదుముకున్నాను.

"ఏమ్మే, చిక్కిపోయినావే. అన్నం తింటంలేదా?" అంది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"భయపడబాక" అంది మెల్లిగా. గుప్పెడు రొయ్యలు తీసి చాపింది. నాకు ఆ గుప్పిట్లో ఏదో ఉచ్చు ఉన్నట్టనిపించింది. పక్కనుంచి దూకి, మోకాలి లోతు బురదలో పడి, వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తాను.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. గుడ్డ ఈసారి అవ్వే ఉతికింది. ఎన్నిసార్లు ఉడకేసినా మరక పోలేదు. మరక మీదికి రొట్టె పళ్ళెం జరిపి, పైన ఇంకో చిన్న గుడ్డ కప్పింది. పాటలయ్యాయి. బైబిలు వాక్యం చెప్పడం అయింది. అయ్యగారు బల్ల దగ్గరికి వచ్చి, పైగుడ్డ మీద చెయ్యి పెట్టాడు. ఎత్తలేదు. చెయ్యి తీసేశాడు.

"ఒకసారి అందరూ వాకిలి వైపు చూడండి" అన్నాడు.

చూశాం. బయట, మా చెప్పుల మధ్య, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకొని కుప్పం అత్త కూర్చొని ఉంది.

"నేను పిలిస్తే వచ్చింది. గడప దాటనంటోంది. పోయిన నెల ఇదే గుడిలో, ఇదే బల్ల ముందు, ఆమెను ఒక మాట అన్నాం. అన్నది ఒకరే, ఊరుకున్నవాళ్ళం అందరం, నాతో కలిపి. మన మధ్య ఇది పెట్టుకొని దేవుని దగ్గరికి పోతే ఆయన మన మొహం చూడడు. ఈ గుడ్డ నేను ఎత్తలేను. మీరు సరిచేసుకున్నాక చెప్పండి." ఆయన వచ్చి మగవాళ్ళ చాప మీద, అందరితో పాటు, కింద కూర్చున్నాడు.

పెంకుల సందుల్లోంచి పడే ఎండ చాప మీద జరుగుతా పోయింది. ఒక పసిబిడ్డ ఏడిస్తే తల్లి రొమ్ము నోటికిచ్చింది. ఎవరో దగ్గారు. అందరి కళ్ళూ అవ్వ మీదే. అవ్వ తాటిమొద్దులాగా కూర్చొని ఉంది.

"నేను అబద్ధమాడలేదు అయ్యగారూ" అంది చివరికి. "దేవుని పని శుద్ధిగా చెయ్యమన్నా. అది తప్పయితే ఆయనే నన్ను శిక్షిస్తాడు. నేను లేవను."

ఎండ ఇంకో జానెడు జరిగింది.

ఒక సంగతి నాకు తెలిసింది, ఎవరూ చెప్పకుండానే. అవ్వ లేవదు, ఎందుకంటే తన మాట నిజమని నమ్ముతోంది. అత్త నోరు విప్పదు. అయ్యగారు గుడ్డ ఎత్తడు. ఇంతమంది ఇలాగే కూర్చొని ఉంటారు, ఈ గుడి ఇలాగే ఆగిపోతుంది, నేను లేచేదాకా. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకున్నాను.

లేచి, ఆడవాళ్ళ మోకాళ్ళ మధ్య నుంచి నడిచి, బల్ల దాకా పోయాను. అక్కడే పడి చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను. అందుకని అమ్మ మొహం ఒకసారి చూసుకున్నాను.

"ఆ మరక నాది. అత్తది కాదు. శనివారం నేనూ చెల్లెలూ ఆ గుడ్డ మీద బల్ల ఆట ఆడినాం. చేప కాల్చి పెట్టినాం. నీళ్ళతో తుడిస్తే పోలేదు" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలని ఉంది, ఏడుపు ముంచుకొచ్చింది.

అవ్వ లేచింది. ఆమె చెయ్యి పైకి లేవడం చూసి కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి గాల్లోనే ఉంది. అవ్వ నన్ను చూడటంలేదు, వాకిలి వైపు చూస్తోంది.

"దానికి తెలుసా?" అని అడిగింది నన్ను.

నేను జవాబు చెప్పేలోపు బయట నుంచి అత్త అంది, "తెలుసమ్మా. చేపలిచ్చింది నేనే. తిరిగొస్తా వాకిట్లోనుంచి చూసినా. పిలకాయలు అంత భక్తిగా చేతులు జోడించుకొని ఉంటే, పలకరించబుద్ధి కాక అట్నే ఎళ్ళిపోయినా."

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదే?"

"చిన్నబిడ్డలు గదమ్మా. అందరి ముందూ చెప్తే ఆ బిడ్డ జన్మలో దేవుని దగ్గరికి వస్తాదా? నాకయితే ఆ మాట అలవాటే. నా చేతులు కంపు కొట్టేది నిజమే గదా."

అవ్వ చెయ్యి కిందికి దిగింది. ఆమె నడిచి గడప దాటి, చెప్పుల మధ్యకు పోయింది. అంత పొడుగు మనిషి మోకాళ్ళు వంచి, ఆ దుమ్ములో, అత్త ఎదురుగా కూలబడింది. అత్త చేతులు వెనక్కి దాచుకోబోతే అవ్వ లాక్కుంది. ఆ రెండు అరచేతులూ తన మొహానికి ఆనించుకుంది. ఆనించుకొని అలాగే ఉండిపోయింది. భుజాలు అదురుతున్నాయి. అవ్వ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"నాకు దోసిట్లో నీళ్ళు పోసిన ఆ యమ్మే నయమే" అంది. "ఆమె దేవుని పేరు చెప్పలేదు. నేను దేవుని పేరు చెప్పి నీకు చెంబు ఎత్తి పట్టినా. నీ చేతులు కంపయితే నా నోటిని ఏమనాలే తల్లీ."

అత్త ఏం చెయ్యాలో తెలీక అయ్యగారి వైపు చూసింది. తర్వాత తన కొంగుతో అవ్వ మొహం తుడిచింది.

అవ్వ ఆమెను చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొచ్చి, బల్ల ముందు నిలబెట్టింది. "నువ్వు ఎత్తు" అంది. అత్త తల అడ్డంగా ఊపింది. "ఎత్తవే" అంది మళ్ళీ. అత్త చేతులు ముందుకు పోయి, రెండు కొసలు పట్టుకొని, పైగుడ్డ ఎత్తాయి. ఎక్కడా పిడుగు పడలేదు. ఉరమలేదు. రొట్టె అలాగే ఉంది. అయ్యగారు లేచి వచ్చి, ప్రార్థన చెయ్యబోయి, రెండుసార్లు ఆగాడు.

ఆ రోజు పళ్ళెం అవ్వ దగ్గరికి వస్తే ఆమె తీసుకోలేదు. పక్కకు అందించింది. ఆ తర్వాత నెల కూడా తీసుకోలేదు. మూడో నెలలో తీసుకుంది. నన్ను కొడుతుందని ఇంటికి పోయాక చాలా రోజులు ఎదురు చూశాను. కొట్టలేదు. అన్నం కలిపి పెడుతూ ఒకటే అడిగింది, "ఆ ఆటలో దేవుణ్ణి ఏమని అడిగినావే?" అని. నేను గుర్తు చేసుకొని చెప్పాను, "మమ్మల్ని కూడా పిలువు అని." అవ్వ ముద్ద నా నోటికిచ్చింది.

అత్త మా ఇంటికి రావడం పోవడం అయింది. ఎప్పట్నుంచో తెలీదు, అవ్వను "అక్కా" అనడం మొదలుపెట్టింది. ఇద్దరూ అరుగు మీద కూర్చొని ఆకూ వక్కా నమిలేవాళ్ళు, మాటకు మాట కొట్లాడుకునేవాళ్ళు కూడా. నా భయం మాత్రం ఒక్కసారిగా పోలేదు. నా తోటివాళ్ళందరూ బాప్తిస్మం తీసుకుంటుంటే నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని. దేవుడు క్షమించి ఉండొచ్చు, కానీ దగ్గరికి పోవడం వేరు అనుకునేదాన్ని.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు అవ్వకు పక్షవాతం వచ్చింది. నెల్లూరులో చదువుకుంటున్న నన్ను పిలిపించారు. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. మొదటి ఆదివారం గుడి అయ్యాక, సాయంత్రం, అయ్యగారు రొట్టె, చిన్న గ్లాసులో రసం పట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆయన వెనక అత్త. అవ్వ వాళ్ళను చూసి మొహం గోడకు తిప్పుకుంది.

"పక్క పాడు చేసుకొని పడుండా" అంది. మాటలు విరిగి విరిగి వచ్చాయి. "కంపు. కడుక్కోలేను. ఆయన దగ్గరికి నేనెట్ట పోయేది?"

అయ్యగారు ఏదో చెప్పబోయాడు. అత్త ముందుకొచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది. తడి గుడ్డతో అవ్వ నోరు తుడిచింది, మెడ తుడిచింది.

"నిన్నెవరు రమ్మన్నారక్కా?" అంది. "ఆయనే వచ్చినాడులే. నోరు తెరువు."

అవ్వ తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో ఎంత భయం ఉందో, అంత ఆశ ఉంది. తర్వాత చిన్నపిల్లలాగా నోరు తెరిచింది. అయ్యగారి చేతిలోని రొట్టె తుంచి, అత్త ఆమె నాలుక మీద పెట్టింది. నమలలేక నమలలేక మింగింది అవ్వ. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

నేను మంచం కోడు పట్టుకొని నిలబడి ఉన్నాను. అవ్వ చెప్పింది అబద్ధం కాదు, ఆయన నిప్పే. ఆ గదిలో ఆ సాయంత్రం నాకు ఒళ్ళంతా అది తెలిసింది. అయితే ఆ నిప్పు పాడైన పక్క మీదికి వంగి, ముసలిదాని నోరు తెరిచేదాకా ఓర్చుకొని నిలబడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. అత్త చూపించింది.

వాళ్ళు పోతుంటే నేను వాకిట్లో అయ్యగారి సైకిలు హ్యాండిలు పట్టుకొని ఆపి, బాప్తిస్మం అడిగాను.